గేరుబాక్సుకు కట్టు కట్టి, వాడరేవు దాకా

బ్రాడీపేట

గుంటూరు నుంచి వాడరేవుకు వెళ్ళాలంటే చీరాల దాకా బస్సులో రెండున్నర గంటలు. అక్కడ దిగి ఆటో ఎక్కితే ఇంకో పావుగంట. మేము మూడు రోజుల్లో వెళ్ళాం. కాబట్టి ఈ దారి గురించి రాసే అర్హత బస్సువాళ్ళకంటే మాకే ఎక్కువని నా అభిప్రాయం. వాళ్ళు కిటికీలోంచి చూస్తారు. మేము చాలాభాగం కారు కింద వెల్లకిలా పడుకుని చూశాం.

ముందు కారు సంగతి. మా మావయ్య భాస్కర్రావు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెబుతాడు. క్లాసులయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో కూర్చుని, ఎనిమిదేళ్ళు పట్టి, ఓ కారు కట్టాడు. జర్మనీలో ఎప్పుడో పరుగుపందేల కోసం చేసిన రెండు సీట్ల కారుకు ఇది నకలు. నకలని ఆయన దాచడు గానీ, డూప్లికేటు అన్నవాళ్ళతో మాట్లాడడం మానేస్తాడు. రెప్లికా అనాలి. పైన ఫైబర్ బాడీ, కింద తాబేలు డిప్పలాంటి ఓ పాత కారు చాసిస్, వెనక ఇంజను. రేడియేటరు లేదు, నీళ్ళు లేవు, ఫ్యాను గాలికే ఇంజను చల్లబడాలి. గుంటూరు గాలికి ఏ వస్తువైనా చల్లబడుతుందని నమ్మిన ఫిజిక్సు మాస్టారు నాకు తెలిసి ఈయనొక్కడే.

పుట్టినప్పుడు ఆ ఇంజనుది నలభై గుర్రాల బలం. పెద్ద పిస్టన్లు, రెండు కార్బురేటర్లు పెట్టి మావయ్య దాన్ని నూట ఇరవై చేశాడు. చిక్కంతా అక్కడే మొదలైంది. ఈ కార్లలో ఇంజను గేరుబాక్సుకు వేలాడుతుంది. గేరుబాక్సును చాసిస్ వెనక్కి చాచిన రెండు ఇనుప చేతులు పట్టుకుంటాయి. చేతులకూ గేరుబాక్సుకూ మధ్య రబ్బరు దిమ్మలుంటాయి. అవి నలభై గుర్రాలకు చాచిన చేతులు. క్లచ్చి వదిలిన ప్రతిసారీ నూట ఇరవై గుర్రాలు ఇంజనును పక్కకు మెలితిప్పుతాయి, రబ్బరు చిరుగుతుంది. రెండుసార్లు చిరిగింది. రెండుసార్లూ వాడరేవు వెళుతుండగా పర్చూరు రోడ్డులోనే, రెండుసార్లూ కారు ట్రాక్టరు ట్రక్కు మీద ఇంటికొచ్చింది. వీధివాళ్ళు చేతులూపారు. ఊరేగింపనుకున్నారేమో.

ఆ తర్వాత మావయ్య రబ్బరు దిమ్మలు తీసేసి, లేతుమీద ఇనుప దిమ్మలు చేయించి బిగించాడు.

"ఇనుము చిరగదు కదరా," అన్నాడు నాతో.

నిజమే. ఫిజిక్సులో ఆయన తప్పు చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

అత్తయ్య పేరు సుజాత. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ పుట్టిల్లు లారీల ఇల్లు, వాళ్ళ నాన్న పత్తి లారీ నడిపేవాడు. అందువల్ల బళ్ళమీద ఆవిడకు కోపం లేదు, మా మావయ్య బండిమీదే. ఫిబ్రవరిలో ఓ గురువారం అన్నం వడ్డిస్తూ తీర్పు చెప్పింది.

"ఏమండీ, ఆదివారం మా స్టాఫు పిక్నిక్కు వాడరేవులో. మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనాలు. ఆ టైముకి మీ కారు దాని చక్రాలమీద అది అక్కడికొస్తే, ఇంక జన్మలో ఆ కారునేమీ అనను. మళ్ళీ ట్రాక్టరెక్కిందో, మీ సెంటర్ ప్రిన్సిపాల్ గారు అడుగుతున్నారుగా, ఇచ్చేయండి."

ఆ ప్రిన్సిపాల్ గారు కారును కోచింగ్ సెంటర్ మేడమీదికి ఎక్కించి, పైన ర్యాంకుల బోర్డు పెట్టాలని చూస్తున్నాడు. ఇంజను తీసేస్తే తేలికవుతుందని క్రేనువాణ్ణి కూడా అడిగాడట.

మావయ్య ముద్ద మింగి, "సరే," అన్నాడు. ఒక్క మాటే. కానీ ఆ రోజు ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచాడు. మా ఇళ్ళలో అది ప్రతిజ్ఞ కింద లెక్క.

నేను ఎందుకు వెళ్ళానంటే, నేను గ్రూప్సుకు ప్రిపేరవుతున్నానని ఇంట్లో అందరికీ చెబుతుంటారు. ఖాళీగా ఉన్నానని చెప్పడానికి అది మర్యాదైన పద్ధతి. శనివారం ఒక్కరోజు చాలదని, ముందుజాగ్రత్తగా శుక్రవారం పొద్దున ఆరింటికే బయలుదేరాం. పర్చూరు రోడ్డు వద్దనుకున్నాం, అక్కడ మాకు ముఖపరిచయమున్న ట్రాక్టర్లు ఎక్కువైపోయాయి. చిలకలూరిపేట మీదుగా హైవే ఎక్కి, చుట్టూ తిరిగి ఒంగోలు వైపు నుంచి చీరాల చేరాలని ప్లాను.

మిరపకళ్ళం

చిలకలూరిపేట ఇంకా రాలేదు. హైవే పనులేవో జరుగుతుంటే బళ్ళను పక్క ఊళ్ళోకి మళ్ళించారు. ఆ రోడ్డుకు రెండువైపులా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పొద్దుటెండలో చూడటానికి బాగుంటుంది, ఫోటో తీసుకోవచ్చు. మేము తీసుకోలేదు, కళ్ళు తెరవలేకపోయాం.

ఈ ఇంజనుకు ఓ అలవాటుంది. ఫ్యాను బయటిగాలిని లాగి ఇంజనుమీద ఊదుతుంది, అక్కడ వేడెక్కిన గాలి కొంత గొట్టాల ద్వారా మన కాళ్ళ దగ్గరికొస్తుంది. జర్మనీలో చలికి అది హీటరు. దాన్ని మూసే తలుపు మావయ్య పెట్టలేదు. గుంటూరులో హీటరు ఎవరడుగుతారని ఆయన వాదన. ఇప్పుడు వెనకనుంచి మిరపఘాటు లోపలికెళ్ళి, ఇంజనుమీద వేగి, తిరగమోతలాగా మా మోకాళ్ళ మధ్యనుంచి లేచింది. అంత తుమ్ములో కూడా మావయ్య స్టీరింగు వదల్లేదు. నేను తలుపు తెరిచి దిగడానికి చూశాను, కారు ఇంకా కదులుతోందని తర్వాత గుర్తొచ్చింది.

కళ్ళంలో నలుగురైదుగురు ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు. అందులో పెద్దావిడ చేటతో సహా లేచి వచ్చింది.

"ఏంది బాబూ, ఎవురన్నా పోయారా?"

"లేదమ్మా, కారం," అన్నాడు మావయ్య ముక్కు చీదుతూ.

"మేం పొద్దస్తమానం ఈటి మజ్జిన కూచుంటన్నాం, మాకు రాని తుమ్ము కార్లో కూచున్నోళ్ళకొచ్చిందా?" అని వెనక్కి తిరిగి, "ఒసే రాణీ, నీళ్ళట్టుకురా, పట్నపోళ్ళు కరిగిపోతన్నారు!" అని కేకేసింది.

బ్రాడీపేటలో మేము, వచ్చినవాళ్ళు చెప్పుల్లో కాలు పెట్టాక, గడప దాటాక, టిఫిన్ చేసి వెళ్ళచ్చుగా అంటాం. ఇక్కడ ముందు చేతిలో ముద్ద పెట్టి తర్వాత అడుగుతారు. చింతకాయ పచ్చడి, సద్దన్నం, ఉల్లిపాయ. ఆ ఘాటుమీద ఇంకో కారం తింటే మొదటిది తగ్గడం నేను స్వయంగా చూశాను. ఈ ఏడు ధరెలా ఉందమ్మా అని అడిగాను. పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కారమో ధరో తెలియలేదు, మళ్ళీ అడగలేదు.

మార్టూరు దాకా రాకముందే

చిలకలూరిపేటలో ఇడ్లీ ప్లేటు నలభై రూపాయలు, కారప్పొడి ఉచితం. ఆ పొద్దుట మాకు ఉచితంగా దొరికిన కారం ఎక్కువే కాబట్టి ఆ వసతి వాడుకోలేదు. హైవేమీద కారు బాగా పోతోంది. ఇనుప దిమ్మల వల్ల ఇంజను ప్రతి కదలికా సీటుకొచ్చేది. అరవై దాటితే అద్దంలో వెనక లారీ మూడు లారీలుగా కనిపించేది. మావయ్య మాత్రం, "చూశావా, గట్టిగా ఉంది," అన్నాడు. నా పళ్ళు టకటకమంటుండడంతో జవాబు చెప్పలేకపోయాను.

తర్వాత ఓ పత్తి లారీ వెనక పడ్డాం. బోరాలు ఆకాశం దాకా ఉన్నాయి, రాలిన దూది గాల్లో తేలుతోంది. మా ఫ్యాను దాన్ని శ్రద్ధగా ఏరుకుంది. పావుగంటలో నూనె వేడి ముల్లు ఎర్రగీతకు చేరింది. ఆపి చూస్తే ఫ్యాను జాలీ పరుపులా తయారైంది. చేత్తో దూదంతా పీకి, చల్లారాక, మావయ్య ఆ లారీని ఎలాగైనా దాటాలని పట్టుదలగా క్లచ్చి వదిలాడు.

టక్.

శబ్దం పెద్దది కాదు, ఎవరో వెనక చిటిక వేసినట్టు. కానీ కారు కొద్దిగా వెనక్కి కుంగింది. కింద దూరి చూశాను. మావయ్య చెప్పినట్టే ఇనుప దిమ్మ చిరగలేదు, దాన్ని పట్టుకున్న ఎడమ చెయ్యి చిట్లింది. బొటనవేలు పొడవున పగులు. గేరుబాక్సు ఒక పక్కకు తల వాల్చి ఉంది.

అక్కడికి దగ్గరలో ఉన్న వెల్డింగు షాపాయన వచ్చి వంగి చూశాడు. "ఇది కారు కాదండీ, కోర్టు కేసు," అని లేచి వెళ్ళిపోయాడు.

మావయ్య రోడ్డు పక్కన రాయిమీద కూర్చున్నాడు. జేబులోంచి సుద్దముక్క తీసి చేతిలో తిప్పుతున్నాడు. ఆయన జేబులో ఎప్పుడూ సుద్దముక్కలుంటాయి, అందుకే ఆయన చొక్కాలన్నీ ఓ పక్క తెల్లబడి ఉంటాయి. మాకు దూది దానం చేసిన లారీ అంతకుముందే టీకని కాస్త ముందు ఆగి ఉంది. డ్రైవరు, పేరు కోటయ్య, గ్లాసు పట్టుకుని వచ్చాడు.

"ఏంది మాస్టారూ, ట్రాక్టరు పిలిపియ్యాల్నా?"

"ట్రాక్టరు తప్ప ఏదైనా పిలువు," అన్నాడు మావయ్య.

సంగతంతా నేను చెప్పాను. కోటయ్య నవ్వలేదు. గ్లాసు నా చేతిలో పెట్టి కింద దూరాడు. లారీలోంచి పత్తి బోరాలు కట్టే తాడు తెచ్చి, గేరుబాక్సు కిందనుంచి రెండు చుట్లు తిప్పి, పైనున్న గొట్టానికి కట్టి, మధ్యలో ఓ జానెడు కర్ర దూర్చి మెలితిప్పాడు. తాడు బిగిసింది, గేరుబాక్సు తలెత్తింది. మావయ్య వెళ్ళి కర్రను ఇంకో మెలి తిప్పబోతే చేతిమీద కొట్టాడు. మా మావయ్య చేతిమీద ఇంతకుముందు కొట్టింది ఒక్క మా తాతయ్యే.

"చాలు మాస్టారూ! కదిలేదాన్ని కాస్త కదలనియ్యాల. పది కిలోమీటర్లు పొయ్యాక ఆగి, మెలి చూసుకోండి. ఏ లోడైనా అంతే, మొదట సర్దుకుంటది. మేం బోరాలేస్తే పది కిలోమీటర్లకి ఆగకుండా పోం. ఆగకుండా పొయ్యేవోడు డ్రైవరు కాదు."

వెల్డింగు ఎవరు చేస్తారని అడిగితే, "చీమకుర్తిలో యేసుపాదం. రాళ్ళు కోసే మిషన్లకి ఫిట్టరు. చెప్తే ఇంటాడు గానీ, ఆయన చెప్పేది గూడా ఇనాల," అన్నాడు.

మేము ఇరవై ఐదు వేగంతో బయలుదేరాం. పది కిలోమీటర్లకోసారి ఆగాం, నేను దూరాను, మెలి చూశాను. సైకిలు మీద ఓ పెద్దాయన మమ్మల్ని రెండుసార్లు దాటాడు. మధ్యలో ఆయన ఆగి భోజనం చేశాడని తర్వాత అర్థమైంది.

చీమకుర్తి

మా గుంటూరు దుమ్ము ఎర్రగా, ఘాటుగా ఉంటుంది, వచ్చిందని తెలుస్తుంది. చీమకుర్తి దుమ్ము తెల్లగా, చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుంటుంది. సాయంత్రానికి నా జుట్టు నెరిసింది. ఎదురుగా ఒక్కో రాయి ఒక్కో గది సైజులో, లారీలమీద ఒంటరిగా కూర్చుని వస్తుంటుంది. భోజనం హోటలు కోసం వెతికితే ముందు రొట్టెల హోటళ్ళు మూడు తగిలాయి. ఒరిస్సా నుంచీ రాజస్థాన్ నుంచీ వచ్చిన పనివాళ్ళు అక్కడ పళ్ళెం ముందు ఎంత నిశ్శబ్దంగా తింటారంటే, మా పెళ్ళి భోజనాలు గుర్తొచ్చి సిగ్గేసింది.

యేసుపాదం యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, చెవిమీద పెన్సిలు. మమ్మల్ని నమస్కారం కూడా పెట్టనివ్వకుండా, "ఇంజను ఏయండి," అన్నాడు. ఓ పొడవాటి పానా ఒక కొసను గేరుబాక్సుకు, రెండో కొసను తన చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మా ఊళ్ళో డాక్టర్లు అంతసేపు చూస్తే రెట్టింపు ఫీజు. చివరికి లేచి అడిగాడు.

"సార్, ఇది ఎంత కదలాల?"

"అస్సలు కదలకూడదు," అన్నాడు మావయ్య.

"అట్టయితే ఆపేసి ఇంట్లో పెట్టుకోండి సార్. అది బెస్టు."

మావయ్య ముఖం చూసి నేను మధ్యలో దూరి, మాకు ఆదివారం ఒంటిగంట గడువుందని, లేకపోతే నిజంగానే ఆపేసి మేడమీద పెడతారని చెప్పాను. యేసుపాదం మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి, మనిషెత్తు రంపం తిరిగే మిషను కింద చూపించాడు. దిమ్మకూ నేలకూ మధ్య నల్లటి రబ్బరు పట్టీలున్నాయి.

"ముందొక ఇంజనీరు గారు ఈ రబ్బర్లన్నీ పీకించి, కాంక్రీటుకి బిగిచ్చాడు. కదలకూడదని. మిషన్‌కి ఏం కాలా సార్. ఎనక గోడ పగిలింది."

ఎనిమిదేళ్ళలో మొదటిసారి మావయ్య ఒకరి మాటకు ఎదురు సూత్రం రాసి చూపించలేదు.

శనివారం రెండింటికి ఆయన డ్యూటీ దిగాక పని మొదలైంది. ముందు మావయ్య ఇనుప దిమ్మలు బయటికొచ్చాయి. యేసుపాదం వాటి బరువు చూసి, కాగితాలమీద పెట్టుకోవడానికి బాగుంటాయని పక్కన పెట్టాడు. పగిలిన చేతిమీద మందపాటి రేకు వేసి వెల్డింగు చేశాడు. రెండు చేతుల కొసల నుంచీ రెండు పైపులు ఏటవాలుగా పైకి, షాకబ్జార్బర్లు తగిలించే దిట్టమైన చోటికి. ఆ రెంటినీ కలుపుతూ ఒక అడ్డపైపు. ఇటునుంచి చూసినా అటునుంచి చూసినా త్రికోణాలు. త్రికోణం ఎందుకు వంగదో మావయ్య అక్కడున్న ఒరిస్సా కుర్రాళ్ళకు తెలుగులో వివరించాడు. వాళ్ళు శ్రద్ధగా విన్నారు. బ్రాడీపేటలో ఫీజు కట్టినవాళ్ళు కూడా అలా వినరు.

చివరిగా గేరుబాక్సు కింద ఉయ్యాలలా ఒక ఇనుప పట్టీ, పట్టీకీ గేరుబాక్సుకూ మధ్య క్రషర్ బెల్టులోంచి కోసిన రబ్బరు. దాన్ని బిగించే బోల్టులు రెండు. యేసుపాదం ఓ చోట ఆగి, ఇంజనును చేత్తో ఊపాడు. అది అంగుళంలో ముప్పాతిక వంతు తలాడించి మళ్ళీ తన చోటికొచ్చింది. "ఇదీ," అన్నాడు. రాళ్ళమీద నంబర్లు వేసే తెల్ల రంగు తెచ్చి, ఒక్కో నట్టు మీదనుంచి పట్టీ మీదికి అడ్డంగా ఒకే గీత గీశాడు.

"ఈ గీత కలిసి ఉన్నంతకాలం పానా ముట్టమాకండి. ఇడిపోతే, కలిసేదాకా బిగియ్యండి. అంతకంటే పావు చుట్టు గూడా వద్దు. మొదటి వంద కిలోమీటర్లు, పదికొకసారి ఆగి చూడాల."

"పదికొకసారి," అన్నాను నేను. ఈ మాట రెండు రోజుల్లో రెండో మనిషి చెప్పడం.

ఆ పూట వాళ్ళింట్లోనే భోజనం. యేసుపాదం భార్య గోంగూరలో ఎండురొయ్యలు వేసి వండింది. మా ఇంట్లో గోంగూరలో ఏమీ వెయ్యరు, అభిమానం తప్ప. ఇకనుంచి నాకు ఆ అభిమానం చాలదు.

చర్చి దాకా ఒక రౌండు

ఆదివారం పొద్దున యేసుపాదం తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. "ఆరాధన అయ్యేదాకా నేను పానా ముట్టను సార్. చర్చి దాకా ఎక్కిచ్చుకుంటే, దార్లో ఇనుకుంటా."

రెండు సీట్లే కాబట్టి నేను వెనక పరిగెత్తాను. చర్చి ముందు కారు ఆగగానే సండేస్కూలు పిల్లలంతా చుట్టూ మూగారు, లోపల పాట సన్నబడింది. పాస్టరు గారు వాకిట్లోకొచ్చి, "యేసుపాదం గారూ, మెల్లగా దిగండి, పిల్లలు చూస్తున్నారు," అన్నారు. యేసుపాదం దిగి, తలుపు జాగ్రత్తగా వేసి, "బానే ఉంది. ఇంక దాన్ని ఏం చెయ్యమాకండి," అని మావయ్యకు చెప్పి లోపలికెళ్ళాడు.

నేను టీ తాగొస్తానని పక్క వీధికెళ్ళాను. టీ పది రూపాయలు, చిన్న గ్లాసు. తిరిగొచ్చేసరికి మావయ్య చేతులు తుడుచుకుంటున్నాడు. ఎనిమిదింటికి కదిలాం.

ఒంగోలు దాటాక

మొదటి పది కిలోమీటర్లకు ఆగాం. "నువ్వు కూర్చో, ఈసారి నేను చూస్తా," అని మావయ్యే వంగి చూసి, "బాగుంది," అన్నాడు. రెండోసారీ ఆయనే చూశాడు. ఒంగోలు దాటి చీరాల రోడ్డెక్కాక అద్దంలో లారీలు మళ్ళీ కవలలయ్యాయి. తొడల కింద సీటు సన్నగా గుయ్‌మంటోంది. నిన్న సాయంత్రం యేసుపాదం ఊపినప్పుడు ఇంజను తలాడించడం నేను చూశాను, ఇప్పుడు తలాడించే దేనిదీ ఈ చప్పుడు కాదు.

"మావయ్యా, ఆపు."

"పది అవలేదుగా."

"ఆపమంటున్నా."

ఆయన నడిపిస్తూనే ఉన్నాడు. నేను ఇంత సీరియస్‌గా మాట్లాడి ఎన్నాళ్ళయిందో, నమ్మడానికి ఆయనకు అరకిలోమీటరు పట్టింది. ఆపాక నేను దూరాను. నట్లమీద తెల్ల గీత, పట్టీమీద తెల్ల గీత. రెండూ ఒకదాన్నొకటి చూసుకోవడం లేదు. విడిపోయి కాదు, దాటిపోయి. ఒక్కో నట్టు నిండా ఓ చుట్టు ఎక్కువ బిగిసి ఉంది. రబ్బరు నలిగి కాగితమంత పల్చనైంది.

బయటికొచ్చి, "టీ తాగే టైములోనే?" అన్నాను.

మావయ్య రోడ్డవతల చేలోకి చూశాడు. పత్తి తీసేసిన మోళ్ళు తప్ప అక్కడ చూడ్డానికేమీ లేదు.

"కదులుతోందిరా కిట్టూ. చేత్తో పట్టుకుంటే కదులుతోంది. రాత్రి నిద్రపట్టలేదు. ఎనిమిదేళ్ళు ఏది కదిలినా బిగించాను. బిగిస్తే పోతుందనే అనుకున్నా ఎప్పుడూ." మోళ్ళ వైపే చూస్తూ, "వదులుచేస్తే తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుందని," అన్నాడు.

ఇలాంటి చోట యాత్రాకథనాల్లో రచయిత భుజం మీద చెయ్యి వేస్తాడు. నా చెయ్యి నిండా గ్రీజు, ఆయనది ఇస్త్రీ చొక్కా. అందుకని పానా ఇచ్చాను.

ఆయనే కింద దూరి, ఆయన చేత్తోనే, గీతలు కలిసేదాకా వదులుచేశాడు. అప్పుడు కనిపించింది. కొత్త వెల్డింగు పక్కన, నల్ల పెయింటు మీద, వెంట్రుకంత సన్నటి గీత. పెయింటు గీసుకుందా, ఇనుము మళ్ళీ చిట్లిందా తెలియదు. చిట్లితే పది కిలోమీటర్లకు మించి పోలేం. యేసుపాదానికి ఫోను చేస్తే స్విచాఫ్, ఆరాధనలో ఉన్నాడు. టైము పది దాటింది. రోడ్డుమీద వరసగా రెండు ఖాళీ ట్రాక్టర్లు పోయాయి. రెండో డ్రైవరు వేగం తగ్గించి మావైపు ఆశగా చూశాడు.

మావయ్య చొక్కా జేబులో చెయ్యిపెట్టాడు.

"దగ్గర్లో కిరసనాయిలు దొరుకుతుందేమో చూడు."

చేలో పంపుసెట్టు దగ్గరున్న రైతు ఓ బుడ్డిలో పోసిచ్చాడు. మావయ్య ఆ గీత చుట్టూ పెయింటు గీకేసి, ఇనుముమీద కిరసనాయిలు రాశాడు. కాసేపాగి పొడిగుడ్డతో బాగా తుడిచాడు. సుద్దముక్క తీసి, బోర్డుమీద రుద్దినట్టు ఆ చోటంతా తెల్లగా రుద్దాడు. "పగులుంటే లోపలికి దూరిన నూనె బయటికొచ్చి సుద్ద తడుస్తుంది. నల్లటి గీత కనబడుతుంది. పది నిమిషాలు."

ఇద్దరం కారు కింద పక్కపక్కన పడుకుని, ఆ తెల్లమచ్చ వైపు చూస్తూ ఉన్నాం. నేను గ్రూప్సు రిజల్ట్సు కూడా ఇంత భయంగా చూడలేదు. అయితే వాటిలో నా నంబరు ఉండదని ముందే తెలుసు. రైతు కూడా వచ్చి వంగి, "ఏం చూస్తన్నారయ్యా?" అన్నాడు. సుద్ద తడుస్తుందేమోనని చెప్పాం. ఆయనా చూడటం మొదలుపెట్టాడు.

పది నిమిషాలైంది. పదిహేనయింది. సుద్ద సుద్దలాగే ఉంది.

"తడవలా," అని తీర్పిచ్చి రైతు బుడ్డి తీసుకుని వెళ్ళిపోయాడు.

మావయ్య వెంటనే లేవలేదు. "పెయింటే," అన్నాడు. మరోసారి, "పెయింటేరా," అన్నాడు. తర్వాత లేస్తూ బంపరుకు తల కొట్టుకున్నాడు, దాంతో ఆ సన్నివేశం ముగిసింది.

వాడరేవు

అక్కణ్ణుంచి పది కిలోమీటర్లకోసారి ఆగాం, చూసింది నేనే. వేటపాలెంలో జీడిపప్పు అమ్మే ఆవిడ మేము కింద దూరడం చూసి, "ఏమన్నా పడిపోయిందా బాబూ?" అని తనూ వెతికింది. ఆమె మొహమాటానికి పావుకిలో కొన్నాం. అద్దంలో లారీ ఇప్పుడు ఒక్కటే ఉంది. ఇంజను దానిపాటికది తలాడిస్తోంది, మేము మా పాటికి మేము.

వాడరేవులో రోడ్డు ఇసుకలో కలిసే చోట ఒంటిగంటకు పది నిమిషాల ముందు ఆగాం. ఎండుచేపల వాసన, ఒడ్డున పడవలు. పడవల్ని లాగే ట్రాక్టరు ఒకటి మమ్మల్ని చూడగానే స్టార్టయింది.

"లాగాలా సార్?"

"వద్దు!" అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆయన బెదిరిపోయి ఆపేశాడు.

సరుగుడు చెట్లకింద టీచర్లంతా విస్తళ్ళ ముందున్నారు. అత్తయ్య లేచివచ్చింది. ముందు వాచీ చూసింది, తర్వాత కారును, తర్వాత మావయ్య చొక్కాను. నున్నటి ఇస్త్రీ చొక్కా మీద గ్రీజు, కిరసనాయిలు, సుద్ద.

"ట్రాక్టరు?"

"ఎక్కలేదు," అన్నాడు మావయ్య. చొక్కామీది సుద్ద దులుపుకుంటూ, "పొద్దున నేనే మళ్ళీ ఎక్కువ బిగించాను. వీడు పట్టుకున్నాడు. లేకపోతే ఎక్కేదే," అన్నాడు.

ఆ రెండో భాగం ఎవరూ అడగలేదు. అత్తయ్య ఆయన వైపు ఓ క్షణం చూసింది.

"దారిలో ఎన్నిసార్లు ఆగారు?"

"పది కిలోమీటర్లకోసారి. అలా చూసుకోవాలట."

అత్తయ్య ఏదో అనబోయి మానేసింది. "చేపలు అయిపోవస్తున్నాయి, కూర్చోండి," అంది. తింటూండగా మావయ్య ఫోను మోగితే ఆవిడే తీసింది. "ఆయన అన్నం తింటున్నారండీ ప్రిన్సిపాల్ గారూ. మేడమీదికా? నీళ్ళ ట్యాంకు పెట్టించుకోండి, బాగుంటుంది," అని పెట్టేసింది.

నాలుగింటికి అందరూ బయలుదేరారు. కారులో రెండే సీట్లు. అత్తయ్య హ్యాండుబ్యాగు పట్టుకుని నా సీటు పక్కన నిలబడి, "ఒరేయ్, నువ్వు వ్యానులో రా," అంది. ఎనిమిదేళ్ళలో ఆవిడ ఆ కారెక్కడం అదే మొదలు. ఆ సంగతి మావయ్య గమనించనట్టు చాలా కష్టపడి నటించాడు.

నేను వ్యానులో, హిందీ మాస్టారికీ చేపల పులుసు గిన్నెకూ మధ్య కూర్చున్నాను. మా ముందు కారు పోతోంది. వెనకనుంచి చూస్తే దాని తోక కొద్దిగా, లయగా ఊగుతోంది. చీరాల దాటాం. ఇంకొంచెం పోయాక కారు మెల్లగా పక్కకు తీసి ఆగింది.

"అయ్యో, మళ్ళీ చెడిందా?" అన్నాడు హిందీ మాస్టారు. వ్యానంతా కిటికీలకు అంటుకుంది.

కారు తలుపు తెరుచుకుంది. దిగింది మావయ్య కాదు. అత్తయ్య పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది, కొంగు నడుముకు చుట్టింది, ఫోనులో లైటు వేసి, వెనక చక్రం పక్కన మోకాళ్ళమీద కూర్చుని కిందికి వంగింది.

నేను వ్యాను మీటరు చూశాను. వాడరేవు నుంచి పది కిలోమీటర్లు.

"చెడలేదు సార్," అన్నాను. "గీత చూస్తోంది."